విశ్వవిద్యాలయ ఉద్యోగాల్లో సామాజిక ప్రాతినిధ్యం: తిరుపతి, తిరుచానూరు ప్రాంతం

విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పేవారు, ఫైళ్లు నడిపేవారు, ప్రయోగశాలల్లోనూ గ్రంథాలయాల్లోనూ హాస్టల్ వంటశాలల్లోనూ పనిచేసేవారు ఏయే వర్గాల నుంచి వస్తున్నారు, వచ్చినవారికి లోపల ఎలాంటి చోటు దొరుకుతోంది అన్నది ఈ వ్యాస విషయం. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఈ పనికి వైవిధ్య కార్యాలయాలు, శిక్షణ తరగతులు, వార్షిక నివేదికలు ఉంటూ వచ్చాయి. తెలుగునాట రాజ్యాంగ అధికరణలు, జీవోలు, ఏ పోస్టు ఏ వర్గానికో వరసగా రాసే రోస్టర్ రిజిస్టర్లు ఉన్నాయి. అక్కడి పద్ధతికి చట్టబలం తక్కువ, మాటలు ఎక్కువ. ఇక్కడి పద్ధతికి చట్టబలం గట్టిది. అయితే ఆ బలం నియామక పత్రం చేతికిచ్చే దాకానే పనిచేస్తుంది. అసలు నియామకాలే జరగని ఏళ్లలో అదీ ఉండదు. ఈ విధానాన్ని మళ్లీ ఆలోచించుకోవాలనే వాదనకు మూలం ఇదే.

తిరుపతి, తిరుచానూరు, ఏర్పేడు ప్రాంతం ఈ చర్చకు అనువైన చోటు. రాష్ట్ర విశ్వవిద్యాలయం, మహిళా విశ్వవిద్యాలయం, కేంద్ర సంస్కృత విశ్వవిద్యాలయం, జాతీయ స్థాయి సాంకేతిక, విజ్ఞాన సంస్థలు, దేవస్థానం కళాశాలలు, ప్రైవేటు విశ్వవిద్యాలయం అన్నీ ఇరుగుపొరుగునే ఉన్నాయి. ఒక్కొక్కదానికి నియామకాల చట్టం వేరు.

మద్రాసు నాటి పునాది

ఉద్యోగాల్లో కులాలవారీ ప్రాతినిధ్యమనే ఆలోచన ఈ ప్రాంతానికి విశ్వవిద్యాలయం రాకముందే వచ్చింది. దాన్ని ప్రభుత్వ ఉత్తర్వుగా మార్చిన నాయకుడు ఈ ప్రాంతం వాడే. జస్టిస్ పార్టీ నేత పానగల్ రాజా, అసలు పేరు పానగంటి రామరాయణింగారు, 1866లో కాళహస్తిలో పుట్టారు. 1921 జులై నుంచి 1926 డిసెంబరు వరకు మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా ఉన్నారు. ఆయన ప్రభుత్వం 1921 సెప్టెంబరు 16న మొదటి కమ్యూనల్ జీవో ఇచ్చింది. ప్రభుత్వోద్యోగాలు ఒకటి రెండు కులాల చేతుల్లో పోగుపడకుండా వివిధ వర్గాలకు పంచాలని ఆ ఉత్తర్వు ఆదేశించింది. అది కచ్చితమైన వాటాలుగా అమలుకు వచ్చింది 1927లో, సుబ్బరాయన్ మంత్రివర్గ కాలంలో. ప్రతి 12 ఉద్యోగాల్లో బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముస్లింలకు 2, ఆంగ్లో ఇండియన్లకూ క్రైస్తవులకూ కలిపి 2, అణగారిన వర్గాలకు 1.

ఆ చివరి అంకె దగ్గర ఆగాలి. ఊరి చివర వాడల్లో బతికే జనానికి పన్నెండింటిలో ఒక్కటే దక్కింది. బ్రాహ్మణేతర ఉద్యమాన్ని నడిపినవారు ఎక్కువగా భూములున్న, చదువుకున్న కుటుంబాలవారు. పంపకంలో ఆ ముద్ర కనిపిస్తుంది. 1947లో చక్రాన్ని 14కు పెంచి వెనకబడిన హిందువులకు విడిగా 2, హరిజనులకు 2 ఇచ్చాకే కొంత సరిపడింది. వాటా ఎవరి పేరుతో అడుగుతున్నారు, చివరికి ఎవరికి చేరుతోంది అన్న ప్రశ్న అప్పటి నుంచీ ఉంది. ఎస్సీ ఉపవర్గీకరణ వాదనలో అదే మళ్లీ వినిపించింది.

1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు రెండు తీర్పులు ఇచ్చింది. చంపకం దొరైరాజన్ కేసు కళాశాల సీట్లది, వెంకటరమణ కేసు జిల్లా మునసబు ఉద్యోగాలది. సీట్ల విషయంలో కమ్యూనల్ జీవో చెల్లదని కోర్టు కొట్టేసింది. ఉద్యోగాల విషయంలో మాత్రం వెనకబడిన వర్గాలకు ఉద్యోగ రిజర్వేషన్‌ను అనుమతించే 16(4) అధికరణ ముందే ఉంది కాబట్టి హరిజనుల, వెనకబడిన హిందువుల వాటా నిలిచింది. మిగతా పంపకం పోయింది. ఆ ఏడాది జూన్‌లో మొదటి రాజ్యాంగ సవరణతో, సీట్లలోనూ అలాంటి వెసులుబాటు ఇచ్చే 15(4) చేరింది. తిరుపతి అప్పట్లో ఉన్న చిత్తూరు జిల్లా 1953 అక్టోబరు వరకు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది కనుక ఈ తీర్పులు ఈ జిల్లా వాళ్లకు ఇంటి కబుర్లే.

ప్రాంతీయ న్యాయం కూడా ఇదే నేలలో పుట్టిన కోరిక. కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో రాయలసీమకు విశ్వవిద్యాలయ కేంద్రం ఒక షరతు. 1954 సెప్టెంబరు 2న తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలవడానికి వెనక ఆ డిమాండు ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం భూమి ఇచ్చింది. 1973 నాటి 32వ రాజ్యాంగ సవరణతో 371-డి అధికరణ వచ్చాక, ఎస్వీ విశ్వవిద్యాలయ ప్రాంతంలో సీట్లలో 85 శాతం స్థానికులకే అన్న నియమం చేరింది.

ఒకే ఊరు, వేరువేరు చట్టాలు

ఎస్వీయూకు వర్తించేవి రాష్ట్ర నిబంధనలు. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6, బీసీలకు 29, ఆర్థికంగా వెనకబడిన వర్గాలకు 10 శాతం. మహిళలకు మూడింట ఒక వంతు. వికలాంగులకు 2016 చట్టం ప్రకారం 4 శాతం. బీసీల 29 శాతం మళ్లీ ఐదు ముక్కలు: ఎ గ్రూపుకు 7, బి గ్రూపుకు 10, సి గ్రూపుకు 1, డి గ్రూపుకు 7, ఇ గ్రూపుకు 4. మొదటి నాలుగూ 1970లో అనంతరామన్ కమిషన్ సిఫారసులతో వచ్చాయి. వెనకబడిన ముస్లిం వర్గాలకు ఇ గ్రూపు 2007లో చేరింది.

అదే ఊళ్లోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం కేంద్ర చట్టం కిందికి వస్తుంది. 1987లో డీమ్డ్ హోదా పొందిన రాష్ట్రీయ సంస్కృత విద్యాపీఠమే 2020లో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. అక్కడ ఓబీసీలకు 27 శాతం, ఎస్సీలకు 15, ఎస్టీలకు ఏడున్నర. 2015లో వచ్చిన తిరుపతి ఐఐటీ, ఐసర్‌లకూ ఇవే అంకెలు. అయితే ఐఐటీల అధ్యాపక నియామకాల్లో రిజర్వేషన్ ఎంత మేరకు ఉండాలన్నది చాలాకాలం నలిగింది. 2020లో, అప్పటి ఢిల్లీ ఐఐటీ డైరెక్టరు వి. రామగోపాల్ రావు అధ్యక్షతన వేసిన కమిటీ, ఐఐటీలను రిజర్వేషన్ మినహాయింపు జాబితాలో చేర్చమని కోరింది. మినహాయింపు అడిగినది దేశంలో భారీగా ప్రజాధనం పొందే సంస్థల బృందం కావడం బాధాకరం. అర్హులైన పరిశోధకులు దొరకడం లేదంటే, ఆ పరిశోధకులను తయారుచేయాల్సిన చోటు కూడా ఐఐటీలే.

దేవస్థానం నడిపే కళాశాలలది మరో దారి. ఎస్వీ ఆర్ట్స్ కళాశాల 1945 నుంచి, శ్రీ పద్మావతి మహిళా కళాశాల 1952 నుంచి నడుస్తున్నాయి. టీటీడీ ఉద్యోగ నిబంధనలు నియామకాలను హిందువులకు పరిమితం చేస్తాయి. మత సంస్థలో పదవికి ఆ మతంవారినే తీసుకోవచ్చని 16(5) అధికరణ అనుమతిస్తుంది. 2024 నవంబరులో పాలకమండలి హిందూయేతర ఉద్యోగులను బదిలీ చేయాలని లేదా స్వచ్ఛంద విరమణ ఇవ్వాలని తీర్మానించింది. 2025 ఫిబ్రవరిలో 18 మందిపై చర్యలకు దిగింది. గుడిలో కైంకర్యానికీ కళాశాలలో భౌతికశాస్త్ర బోధనకూ ఒకే నియమం వర్తించాలా అన్నది న్యాయశాస్త్రంలో నిజంగా చర్చించాల్సిన ప్రశ్న. ఆ కళాశాలలు ఎస్వీయూకు అనుబంధంగా ఉన్నా, ఎస్వీయూలో మాత్రం మతపరమైన షరతు ఏదీ లేదు.

ప్రైవేటు విశ్వవిద్యాలయాల సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు. 2016 నాటి రాష్ట్ర ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం కింద పనిచేసేవాటికి సీట్ల విషయంలో బాధ్యతలు ఉన్నాయి గానీ, అధ్యాపక ఉద్యోగాల్లో రోస్టర్ లేదు. 2022లో తిరుపతి దగ్గర విశ్వవిద్యాలయంగా మారిన మోహన్‌బాబు విశ్వవిద్యాలయం ఈ కోవలోది. ఉన్నత విద్య ప్రైవేటు వైపు జరిగినకొద్దీ రాజ్యాంగం ఇచ్చిన ప్రాతినిధ్యం పరిధి కుంచించుకుపోతుంది.

అమ్మవారి పేరిట

తిరుచానూరు పద్మావతి అమ్మవారి పేరు పెట్టిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 ఏప్రిల్ 14న, ఎన్.టి. రామారావు ప్రభుత్వం వచ్చిన తొలి నెలల్లోనే మొదలైంది. ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతి కూడా. దేశంలో తొలి మహిళా విశ్వవిద్యాలయాన్ని సంఘసంస్కర్త కర్వే 1916లో స్థాపించారు. తెలుగువారికి అలాంటిది రావడానికి దాదాపు ఏడు దశాబ్దాలు పట్టింది. కార్తీకంలో పంచమి తీర్థానికి తిరుచానూరు పుష్కరిణికి వచ్చే లక్షల మంది నోట పలికే పేరు, అమ్మాయిని చదువుకు పంపడానికి వెనకాడే ఇంట్లో ఒక భరోసాగా పనిచేసింది. కడప, అనంతపురం పల్లెల నుంచి ఎందరో ఆడపిల్లలు ‘పద్మావతి వర్సిటీ’ అంటే తండ్రి ఒప్పుకున్నందువల్లే పీజీ చదివారు. దీని విలువను ఏ ర్యాంకింగ్ పట్టికా కొలవలేదు.

రామారావు ప్రభుత్వమే మరో అడుగు వేసింది. రాష్ట్ర సర్వీసు నిబంధనల్లో 22-ఎ చేర్చి, స్త్రీపురుషులిద్దరూ సమానంగా చేయగల ఉద్యోగాల్లో 30 శాతం స్త్రీలకు కేటాయించింది. హైకోర్టు కొంత భాగాన్ని కొట్టేస్తే, 1995లో పి.బి. విజయకుమార్ కేసులో సుప్రీంకోర్టు స్త్రీల కోసం ప్రత్యేక ఏర్పాట్లను అనుమతించే 15(3) అధికరణ ఆధారంగా నిలబెట్టింది. దేశంలో మహిళా ఉద్యోగ రిజర్వేషన్లపై ఎక్కడ వాదన జరిగినా ఈ ఆంధ్రప్రదేశ్ కేసు ముందుకు వస్తుంది. తరవాత వాటా మూడింట ఒక వంతుకు పెరిగింది. మహిళల వాటాను విడి పాయింట్లుగా కాక ప్రతి వర్గం లోపలా సమాంతరంగా లెక్కించాలని 2023 ఆగస్టులో 77వ నంబరు జీవో చెప్పింది.

ఇంత మంచి పునాది ఉన్నా ఒక చిక్కు మిగిలింది. మహిళా విశ్వవిద్యాలయం ఉండడం పక్కనున్న సంస్థలకు వెసులుబాటు కాకూడదు. స్త్రీల సంఖ్య ఒకచోట నిండుగా ఉండి, పక్క ప్రాంగణంలో ప్రొఫెసరు స్థాయికి వచ్చేసరికి పలచబడితే, ఊరి మొత్తం లెక్క సరిపోయినట్టు కనిపిస్తుంది గానీ నిర్ణయాలు తీసుకునే గదిలో సరిపోదు. జాతీయ స్థాయిలో 2021–22 ఉన్నత విద్యా సర్వే ప్రకారం అధ్యాపకుల్లో స్త్రీలు 43 శాతం. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2009లో మొదలుపెట్టిన క్యూరీ పథకం మహిళా విశ్వవిద్యాలయాల ప్రయోగశాలలకు పరికరాలిచ్చింది, పద్మావతి వర్సిటీకీ అందింది. పరికరం వచ్చాక దాన్ని రాత్రి ఎనిమిది దాకా నడిపే వీలుండాలి. పసిబిడ్డ ఉన్న పరిశోధకురాలికి బిడ్డను ఉంచే చోటుండాలి. 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం 50 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి సంస్థలో శిశుసంరక్షణ కేంద్రం ఉండాలంది. మహిళా రిజర్వేషన్ గురించి మాట్లాడినంతగా ఈ సెక్షను గురించి మాట్లాడరు. నిజానికి ఉద్యోగంలో చేరిన స్త్రీని ఉద్యోగంలో నిలిపేది ఇదే.

రోస్టర్ లెక్క

విశ్వవిద్యాలయ ఉద్యోగాల్లో సామాజిక న్యాయం చివరికి ఒక చిన్న లెక్క మీద ఆధారపడుతుంది. దేన్ని ఒక యూనిట్‌గా తీసుకోవాలి, మొత్తం విశ్వవిద్యాలయాన్నా, ఒక్కో శాఖనా?

కేంద్ర సంస్థల్లో ఓబీసీ వాటా 27 శాతం కాబట్టి నూరును 27తో భాగిస్తే నాలుగో పోస్టు వారికి వస్తుంది. ఎస్సీలకు ఏడోది, ఎస్టీలకు పద్నాలుగోది. విశ్వవిద్యాలయమంతా ఒకటే యూనిట్ అయితే వందల పోస్టులు వరసగా పేర్చి లెక్కిస్తారు, ప్రతి వర్గానికీ దాని వంతు వస్తుంది. శాఖే యూనిట్ అయితే? ఆరుగురే ఉన్న వ్యాకరణ శాఖలో తొలి విడత నియామకాల్లో ఎస్సీ పోస్టు రానే రాదు. పద్నాలుగు పోస్టులున్న శాఖలు ఎన్ని ఉంటాయి? ఎస్టీ అధ్యాపకుడు కాగితం మీద కూడా పుట్టడు. ఏ అధికారీ ఎవరినీ ద్వేషించనక్కర్లేదు, భాగహారమే ఆ పని చేసిపెడుతుంది.

2017 ఏప్రిల్‌లో అలహాబాద్ హైకోర్టు శాఖే యూనిట్ అంది. 2018 మార్చిలో యూజీసీ అదే అమలు చేయమంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. దేశమంతా అధ్యాపకులు, విద్యార్థులు ‘13 పాయింట్ల రోస్టర్’గా పేరుపడిన ఈ శాఖలవారీ లెక్కకు వ్యతిరేకంగా వీధికెక్కారు. 2019 మార్చి 7న ఆర్డినెన్స్, జులైలో కేంద్ర విద్యాసంస్థల అధ్యాపక రిజర్వేషన్ చట్టం వచ్చి, సంస్థ మొత్తాన్నీ యూనిట్ చేశాయి.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోస్టర్ క్రమం కొంత మెరుగు. 2025 దాకా ఉన్న నూరు పాయింట్ల చక్రంలో రెండోదీ ఏడోదీ ఎస్సీలవి, ఎనిమిదోది ఎస్టీలది. అంటే చిన్న కేడర్లలోనూ ఎస్సీలకు త్వరగా వంతు వస్తుంది. ఎస్టీలకు ఎనిమిది దాకా ఆగాలి. యానాదులు, ఎరుకలు, సుగాలీలు ఉండే ఈ జిల్లాలో అది చిన్న సంగతి కాదు. 2011 జనాభా లెక్కల్లో పాత చిత్తూరు జిల్లాలో ఎస్సీలు దాదాపు 19 శాతం, ఎస్టీలు నాలుగు శాతానికి కాస్త తక్కువ. స్వర్ణముఖి ఒడ్డు ఊళ్లలోని యానాది కాలనీ నుంచి ఒక బిడ్డ డాక్టరేటు దాకా రావడమే కొండెక్కడం. వచ్చాక ఎనిమిదో పోస్టు కోసం పదేళ్లు ఆగమంటే ఆ బిడ్డ మరో ఉద్యోగం వెతుక్కుంటాడు.

పై స్థాయిలో మరో గోడ ఉంది. ఒక్కటే ఉన్న పోస్టును రిజర్వు చేయకూడదని 1988లో చక్రధర్ పాశ్వాన్ కేసులోనూ, 1998లో చండీగఢ్ పీజీఐ కేసులోనూ సుప్రీంకోర్టు చెప్పింది. శాఖను యూనిట్‌గా తీసుకునే చోట, శాఖకు ఒకే ప్రొఫెసరు పోస్టు ఉంటే అది ఎప్పటికీ ఓపెన్. కెరీర్ అడ్వాన్స్‌మెంట్ పథకం కింద వచ్చే పదోన్నతులు వ్యక్తిగతమైనవి, వాటికి రోస్టర్ వర్తించదు. అందుకే అసిస్టెంట్ ప్రొఫెసరు స్థాయిలో కనిపించే ప్రాతినిధ్యం ప్రొఫెసరు స్థాయికి వచ్చేసరికి తగ్గుతుంది. 2021–22 సర్వేలో దేశంలోని అధ్యాపకులందరిలో ఎస్సీలు సుమారు 9 శాతం, ఎస్టీలు రెండున్నర శాతం. కేంద్ర రిజర్వేషన్ నిబంధనలు చెప్పిన 15కూ, ఏడున్నరకూ ఇవి చాలా దూరం.

ఇంటర్వ్యూ సంగతీ ఇక్కడే చెప్పాలి. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసరు ఎంపికకు విద్యార్హతల మార్కులు పిలుపు వరకే; తుది ఎంపిక కేవలం ఇంటర్వ్యూతో. ఇరవై నిమిషాల సంభాషణకు ఇంత అధికారం ఇస్తే, మాట్లాడే ఇంగ్లీషు యాసా, గురువు పేరూ, కుటుంబ నేపథ్యమూ అన్నీ తూకంలోకి వస్తాయి. ‘తగినవారు దొరకలేదు’ అని రాసి రిజర్వుడు పోస్టును ఖాళీగా వదిలేయడం ఇక్కడి నుంచే మొదలవుతుంది. అభ్యర్థుల్లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ, మహిళ లేదా వికలాంగులు ఉంటే ఎంపిక కమిటీలోనూ ఆ వర్గాల విద్యావేత్త ఒకరుండాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. ఆ ఒక్కరూ మౌనసాక్షిగా ఉంటే ఫలితం మారదు. తిరస్కరణకు కారణాన్ని రాతపూర్వకంగా నమోదు చేసి అభ్యర్థికి ఇవ్వడం తప్పనిసరి చేస్తే మారుతుంది.

ఖాళీలు, కన్సల్టెంట్లు

పై చర్చంతా నియామకాలు జరుగుతాయన్న నమ్మకంతో చేసినది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ కాలేదు. 2023లో మూడు వేలకు పైగా పోస్టులకు ప్రభుత్వం సిద్ధపడింది, విశ్వవిద్యాలయాలు నోటిఫికేషన్లు ఇచ్చాయి, వ్యవహారం హైకోర్టు వివాదాల్లో చిక్కింది. ఈ లోపు పాఠాలు ఆగలేదు. చెప్పినవారు గెస్ట్ ఫ్యాకల్టీ, కాంట్రాక్టు అధ్యాపకులు, ఎస్వీయూ భాషలో అకడమిక్ కన్సల్టెంట్లు. బోధనేతర పనుల్లో రోజువారీ వేతనంపై పనిచేసే ఎన్ఎంఆర్‌లు, టైమ్ స్కేల్ ఉద్యోగులు, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది.

ఈ వ్యాసంలో అన్నిటికన్నా బరువైన అంశం ఇదే. ఎందుకంటే ప్రాతినిధ్యం అసలు పరీక్షకు నిలవాల్సింది ఇక్కడ. ఏడాదికోసారి కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూసే కన్సల్టెంటు అకడమిక్ సమావేశంలో ఎదురుమాట అనలేడు. పరిశోధక విద్యార్థులకు గైడ్‌గా ఉండే అర్హత సాధారణంగా రెగ్యులర్ అధ్యాపకులకే. కాబట్టి మొదటి తరం డాక్టరేట్లలో ఎక్కువమంది ఈ తాత్కాలిక పోస్టుల్లోనే ఉండిపోతే, వారి చేతుల మీదుగా రెండో తరం డాక్టరేట్లు రావు. హాజరుపట్టీలో అన్ని వర్గాల పేర్లూ ఉంటాయి. గైడ్ల జాబితాలో, పాలకమండలిలో, సెలక్షన్ కమిటీలో ఉండవు.

పరిష్కారం అనిపించే క్రమబద్ధీకరణలోనూ ముల్లుంది. 2006 ఉమాదేవి తీర్పు ప్రకారం, బహిరంగ పోటీ లేకుండా వచ్చిన తాత్కాలిక ఉద్యోగికి పర్మనెంటు హక్కు లేదు. రోస్టర్ పాటించకుండా తీసుకున్నవారిని ఉన్నపళంగా పర్మనెంటు చేస్తే ఆ పోస్టుల్లో రిజర్వుడు వర్గాల వంతు పోతుంది. చేయకపోతే ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి, తరచూ ఆ వర్గాల మనిషే, వీధిన పడతాడు. రెండు న్యాయాలు ఎదురెదురు నిలబడ్డ చోట, సర్వీసుకు వెయిటేజీ ఇస్తూ రోస్టర్ ప్రకారం బహిరంగ ప్రకటన ఇవ్వడం ఒక్కటే ఇద్దరికీ అన్యాయం కాని దారిగా కనిపిస్తుంది. ఔట్‌సోర్సింగ్‌కు సంబంధించి రాష్ట్రం 2020 జులైలో ఆప్కాస్ సంస్థను ప్రారంభించి, సగం ఉద్యోగాలు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు ఇవ్వాలంది. ఏజెన్సీల కమీషన్లు లేకుండా జీతం నేరుగా ఖాతాలో పడడం పారిశుద్ధ్య కార్మికురాలికి పెద్ద మార్పు. తాత్కాలిక ఉద్యోగంలోనూ రిజర్వేషన్ సాధ్యమేనని అది చూపింది. బోధన సిబ్బందికి ఆ పాటి నియమమూ కచ్చితంగా అమలు కావాలి.

కాంట్రాక్టు స్త్రీల విషయంలో 2023 ఆగస్టులో కవితా యాదవ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టత ఇచ్చింది. కాంట్రాక్టు గడువు ముగిసినా, అర్హత వచ్చిన ప్రసూతి ప్రయోజనం పూర్తికాలం ఇవ్వాల్సిందే.

వాటాలో వాటా

ఎస్సీల 15 శాతంలో ఎవరికి ఎంత అన్న ప్రశ్నను తెలుగు సమాజమే దేశం ముందుకు తెచ్చింది. 1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. రాష్ట్రం 2000లో చేసిన వర్గీకరణ చట్టాన్ని 2004లో ఇ.వి. చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇరవై ఏళ్లకు, 2024 ఆగస్టు 1న, దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు సభ్యుల ధర్మాసనం 6–1 మెజారిటీతో ఉపవర్గీకరణ చెల్లుతుందంది. రాజీవ్ రంజన్ మిశ్రా ఏకసభ్య కమిషన్ నివేదిక తరవాత 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్స్ తెచ్చింది. రెల్లి, దాని ఉపకులాలతో కూడిన 12 కులాలకు 1 శాతం, మాదిగ తదితర 18 కులాలకు ఆరున్నర, మాల తదితర 29 కులాలకు ఏడున్నర. అర శాతాలు నూరు పాయింట్లలో ఇమడవు కాబట్టి చక్రం 200 పాయింట్లయింది.

విశ్వవిద్యాలయాలకు దీని అర్థం: రెల్లి వర్గానికి వంతు రావాలంటే పెద్ద సంఖ్యలో నియామకాలు జరగాలి. పోస్టులే నింపని చోట వర్గీకరణ, జీవో దాటి గడపలోకి రాదు. మాల, మాదిగ సంఘాలు ఎదురెదురు నిలిచి వాదించుకున్న ముప్పై ఏళ్లలో, ఇద్దరూ కలిసి గట్టిగా అడగాల్సిన ఖాళీల భర్తీ వెనకబడింది. ఈ మాట నొప్పించవచ్చు, కానీ చెప్పక తప్పదు.

చేరిన తరవాత

2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం, ప్రవేశం దొరకడం వేరు, గౌరవం దొరకడం వేరు అని దేశానికి చెప్పింది. అప్పటికే 2012 యూజీసీ నిబంధనలు ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగమూ, వివక్ష నిరోధక అధికారీ ఉండాలన్నాయి. రోహిత్ తల్లి, ముంబైలో ప్రాణం తీసుకున్న వైద్యురాలు పాయల్ తడ్వీ తల్లి కలిసి 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లింది ఆ నిబంధనలు అమలు కావడం లేదనే. వివక్ష నిరోధక అధికారి అంటే ఎవరో, గది ఎక్కడో ప్రాంగణంలో పదిమందిని అడిగితే తెలియాలి. ఆ బాధ్యత అదనపు విధిగా ఏదో ఒక ప్రొఫెసరుకు అంటగట్టేది కాదు.

లైంగిక వేధింపులపై 2013 చట్టం, దాన్ని విశ్వవిద్యాలయాలకు వర్తింపజేసే 2015 యూజీసీ నిబంధనలు అంతర్గత ఫిర్యాదుల కమిటీని తప్పనిసరి చేశాయి. కమిటీలో బయటి సభ్యురాలు స్వతంత్రంగా ఉన్న చోట ఫిర్యాదులు నడుస్తాయి. లేని చోట రాజీ కుదురుతుంది. వికలాంగుల విషయంలో 4 శాతం పోస్టులు ఇచ్చి, తరగతి గది రెండో అంతస్తులో పెట్టి లిఫ్టు లేకుండా చేస్తే చట్టం సగమే అమలైనట్టు.

బయటి ప్రపంచం

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఈ విషయంపై పెద్ద తిరోగమనం నడుస్తోంది. 2023 జూన్ 29న అక్కడి సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని పరిగణించడాన్ని నిలిపేసింది. టెక్సాస్ చట్టం 2024 జనవరి నుంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో వైవిధ్య కార్యాలయాలను మూయించింది. 2025 జనవరిలో ట్రంప్ ఉత్తర్వులు, మార్చిలో మిషిగన్ విశ్వవిద్యాలయం తన కార్యాలయాన్ని ఎత్తివేయడం జరిగాయి. రాజకీయాలను పక్కన పెట్టినా, పరిశోధకుల అంతర్గత విమర్శ ఒకటి ముందే ఉంది. అలెగ్జాండ్రా కలెవ్, ఫ్రాంక్ డాబిన్, ఎరిన్ కెల్లీ 2006లో 708 ప్రైవేటు సంస్థల సమాచారంతో, శిక్షణ తరగతుల వల్ల పైస్థాయి పదవుల్లో మార్పు అతి తక్కువనీ, ఎవరో ఒకరిని బాధ్యులను చేసి లెక్క అడిగినప్పుడే మార్పు వచ్చిందనీ తేల్చారు. తిరుపతికి ఇది పనికొచ్చే పాఠం. ఇక్కడ వర్క్‌షాపుల కొరత లేదు, జవాబు చెప్పాల్సిన మనిషి కొరత ఉంది.

మన కులం కూడా సముద్రం దాటింది. బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయ వ్యవస్థ 2022లో వివక్ష నిషేధ జాబితాల్లో కులాన్ని చేర్చాయి. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో అదే చేసింది. కులవివక్షను నిషేధించే కాలిఫోర్నియా రాష్ట్ర బిల్లును గవర్నరు ఆ ఏడాది అక్టోబరులో తిప్పి పంపారు. ఈ చర్చలో తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు రెండు వైపులా ఉన్నారు.

ర్యాంకింగులూ రిజిస్టర్లూ

జాతీయ ర్యాంకింగ్ వ్యవస్థ ఎన్ఐఆర్ఎఫ్‌లో సమ్మిళితత్వానికి 10 శాతం బరువుంది. అందులో దాదాపు మూడో వంతు ఇతర రాష్ట్రాల, దేశాల విద్యార్థులకు. అంటే 371-డి ప్రకారం రాయలసీమ బిడ్డలకు 85 శాతం సీట్లు ఇచ్చినందుకే ఎస్వీయూకు అక్కడ మార్కులు తగ్గుతాయి. వెనకబడిన ప్రాంతానికి చేసిన న్యాయాన్ని కొలబద్ద లోపంగా చూస్తుంది. అదే వ్యవస్థ మహిళా అధ్యాపకులను లెక్కిస్తుంది గానీ, ఎస్సీ, ఎస్టీ అధ్యాపకులు ఎందరన్నది ఆ విభాగంలో మార్కులకు లెక్కలోకి రాదు. కొలిచేవారు ఈ కొలతను సరిదిద్దాలి.

సంస్థలు మాత్రం అంతదాకా ఆగనక్కర్లేదు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను స్వయంగా వెల్లడించమంటోంది. శాఖలవారీగా, హోదాలవారీగా, రెగ్యులరా కాంట్రాక్టా అన్న వివరంతో ఏ వర్గంవారు ఎందరున్నారో, ‘తగినవారు దొరకలేదు’ అని ఎన్ని పోస్టులు వదిలేశారో, గైడ్లుగా ఎవరున్నారో ఏటా ప్రకటించవచ్చు. 2025 వర్గీకరణతో రోస్టర్ రిజిస్టర్లను ఎలాగూ కొత్తగా రాయాలి. ఆ పని జరుగుతున్నప్పుడే కన్సల్టెంట్లకూ ఔట్‌సోర్సింగ్ సిబ్బందికీ అదే రిజిస్టర్‌లో గడులు పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక పాలకమండలి తీర్మానం చాలు.